వాడుక మాటనే ఆడపిల్లకు పేరుగా పెట్టవచ్చునా?

ప్రశ్న: పెద్దపాప తల్లి

అందరికీ నమస్కారం. మాకు రెండో ఆడపిల్ల పుట్టి ఇవాళ్టికి 22 రోజులైంది, ఇంకా పేరు ఖాయం కాలేదు. పెద్దమ్మాయికి మా అత్తగారు చెప్పిన పేరే పెట్టుకున్నాం. ఈసారి ఆ బాధ్యతను పెద్దవాళ్ళు నాకూ మా వారికీ వదిలిపెట్టారు. అర్థం కోసం ఎవరినీ అడగనక్కర్లేని, మేము రోజూ నోటితో అనే ఒక తెలుగు మాటనే పాపకు పేరుగా పెట్టాలని మా ఇద్దరి కోరిక. ఎన్నో మాటలు అనుకుని, కొట్టివేసి, చివరికి నాలుగు మిగుల్చుకున్నాం: చినుకు, అల, పాట, వేకువ.

వీటిని మా మామగారికి చదివి వినిపిస్తే ఆయన కోపగించుకోలేదు కానీ, "ఇవి మాటలమ్మా, పేర్లు కావు" అన్నారు. ఆ మాట అప్పటినుంచీ నన్ను వదలడం లేదు. ఆశ, కవిత, రేఖ అని పిలిస్తే ఎవరూ ఆగి చూడరు, అవీ మాటలే కదా. మరి చినుకు అనగానే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఎందుకు ఆగుతారు? మాటకూ పేరుకూ మధ్య గీత నిజంగా ఉందా, ఉంటే ఎక్కడ ఉంది? మా ముచ్చట కోసం పిల్ల జీవితమంతా ఇబ్బంది పడకూడదన్నదే నా భయం. ఇలాంటి పేరు ఉన్నవాళ్ళు ఎవరైనా తమ అనుభవం చెబితే చాలా మేలు చేసినవారవుతారు. పేరు ఖాయం చేసుకునే ముందు ఏమేం పరీక్షించి చూసుకోవాలో తెలిసినవారు చెప్పినా సంతోషమే.

జవాబు 1: నిఘంటువు తిరగేసేవాడు

అమ్మా, మీ మామగారి మాటలో ఒక నిజం ఉంది, అయితే అది ఆయన అనుకున్న చోట లేదు. మనకు ఆడపిల్లల పేర్లలో సగం వాడుక మాటలే. లత, రేఖ, కవిత, ఆశ, సంధ్య, రచన, భావన, కల్పన, ప్రార్థన, సాధన: వీటిలో నిఘంటువు అక్కర్లేకుండా అర్థం కానిది ఒక్కటీ లేదు. "రోజూ సాధన చెయ్యి", "ఆశ వదులుకోకు" అని మనం అంటూనే ఉంటాం, అదే నోటితో సాధననూ ఆశనూ పేరుపెట్టి పిలుస్తూనే ఉంటాం. వినేవాడికి అక్కడ తడబాటు రాదు. తరతరాలుగా చెవి అరిగిపోవడమే దానికి కారణం.

ఇందులో ఇంకొక కిటుకు కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. సంస్కృతం నుంచి వచ్చిన నామవాచకాలు తెలుగులో చాలావరకు 'ం'తో ముగుస్తాయి: పుష్పం, దీపం, సంగీతం, స్వప్నం, కుసుమం, వసంతం. వాటిని ఆడపిల్లకు పెట్టేటప్పుడు ఆ సున్నను రాల్చేసి పుష్ప, దీప, సంగీత, స్వప్న, కుసుమ, వసంత అంటాం. ఆ ఒక్క సున్న రాలడంతో వస్తువుకూ మనిషికీ మధ్య చిన్న తలుపు పడుతుంది. "పుష్పం వాడింది" అంటే పువ్వు, "పుష్ప వచ్చింది" అంటే అమ్మాయి. అచ్చతెలుగు మాటలకు ఈ వెసులుబాటు లేదు. చినుకు దగ్గర రాల్చడానికి ఏమీ లేదు, వస్తువు పేరూ మనిషి పేరూ ఒకటిగానే ఉంటాయి. మీరు చినుకు అనగానే ఎదుటివాళ్ళు ఆగేది ఆ తలుపు కోసం వెతుక్కుంటూనేనని నా అభిప్రాయం.

అలాగని అచ్చతెలుగు మాట పేరుగా నిలవదని అనుకోకండి. 16వ శతాబ్దిలో రామాయణాన్ని తెలుగులో చెప్పిన కవయిత్రి పేరు మొల్ల, ఆ మాట ఒక రకం మల్లెపూవుకు పేరు. ఇవాళ మనం మొల్ల అనగానే ఆమెనే తలుచుకుంటాం, పువ్వు చాలామందికి గుర్తుకే రాదు. మాట పేరుగా మారడమంటే ఇదే. వెన్నెల సంగతీ చూడండి. 'వె' అన్నది తెలుపును, 'నెల' అన్నది చంద్రుణ్ణి చెబుతాయి. అంత పారదర్శకమైన మాట కూడా ఈనాడు ఎవరినీ ఆపకుండా పేరుగా సాగిపోతోంది. ముత్యాలు, వరాలు, రత్తాలు అని ఏకంగా బహువచనాలనే పేర్లుగా మోసిన అమ్మమ్మలు ఉన్నారు. అలాంటప్పుడు ఒక్క చినుకుకు అభ్యంతరం ఎందుకు?

జవాబు 2: పేరు చినుకు

నేను రాయక తప్పదనిపించింది, ఎందుకంటే మీ జాబితాలో మొదటి మాట నా పేరు. నాకిప్పుడు 31 ఏళ్ళు.

మూడో తరగతిలో ఉన్నప్పుడు మాకు తెలుగు చెప్పే టీచరుగారు ఉక్తలేఖనం చెబుతూ "చినుకు పడింది, నేల తడిసింది" అన్నారు. ఆ రోజు విరామంలో నేను నిజంగానే మెట్ల మీద జారి పడి, మోకాలికి కట్టు కట్టించుకుని వచ్చి కూర్చున్నాను. తరగతి మొత్తం ఒక్కసారి నా వైపు తిరిగింది. పలకల మీద రాసేవాళ్ళు రాయడం ఆపి నవ్వారు. టీచరుగారికి మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక ఆవిడ మొహం నాకంటే ఎక్కువగా ఎర్రబడింది. ఆ తరువాత ఏడాది పొడుగునా మబ్బు పట్టిన ప్రతిసారీ "చినుకు పడుతుందేమో చూడండ్రా" అని ఎవరో ఒకరు అనేవారు. ఎనిమిదేళ్ళ పిల్లకు అది చిన్న విషయం కాదు. ఇంటికి వచ్చి పేరు మార్చమని అమ్మను అడిగాను కూడా. అమ్మ మార్చలేదు. "నువ్వు పుట్టిన రోజు ఎన్నాళ్ళకో వాన మొదలైంది, మొదటి చినుకు కిటికీ చువ్వ మీద పడి నా చేతి మీదికి జారింది" అని చెప్పింది. ఆ మాట విన్నాక వెంటనే పేరు నచ్చిందని చెప్పను, కానీ అది ఎక్కడినుంచో తెచ్చి అతికించినది కాదని మాత్రం అర్థమైంది.

పెద్దయ్యాక కష్టాలు వేరే రూపంలో వస్తాయి. కొత్తవాళ్ళకు పేరు చెబితే "అది ముద్దుపేరు, అసలు పేరు చెప్పండి" అంటారు. ఫోనులోని అనువాద యంత్రం నా పేరును మనిషిగా గుర్తించదు. "చినుకు రేపు ఉదయం వస్తుంది" అని మా అక్క తెలుగు రాని ఒక స్నేహితురాలికి యంత్రం చేత అనువదించి పంపితే, ఆవిడకు రేపు వాన అని చేరింది. ఇంటర్నెట్‌లో నా పేరు వెతికితే నేను కాక వానలే దొరుకుతాయి, ఉద్యోగం కోసం వివరాలు పంపేటప్పుడు అది కొంత ఇబ్బందే.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి. ఒకసారి విన్నవాళ్ళు నా పేరు మరిచిపోవడం ఇంతవరకు చూడలేదు. పదేళ్ళ తరువాత ఎదురుపడినవాళ్ళు కూడా తడుముకోకుండా పిలుస్తారు. పరిచయమైన ప్రతివాళ్ళూ మొదటి వాన రోజున నాకు సందేశం పంపుతారు, ఏడాదికి ఒక్కసారి కూడా మాట్లాడుకోనివాళ్ళు సైతం. ఇరవై దాటాక నేను ఈ పేరును ఒక్కరోజు కూడా వద్దనుకోలేదు. మీరు పెట్టదలిస్తే పెట్టండి. కానీ పిల్ల బడికి వెళ్ళే నాటికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఒక్క వాక్యంలో తనే చెప్పగలిగేలా నేర్పండి. నాకు ఆ కిటికీ చువ్వ కథ మూడో తరగతికి ముందే తెలిసి ఉంటే, ఆ రోజు తల దించుకునేదాన్ని కాదు.

జవాబు 3: వ్యాకరణం చెప్పిన పంతులు

చినుకు గారు చెప్పిన సంఘటనకు మూలం మన భాషలోనే ఉంది, అందులో ఆ టీచరు తప్పూ పిల్లల తప్పూ లేదు. పరవస్తు చిన్నయ సూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో తెలుగు నామాలను మహత్తులు (మగవారిని చెప్పే మాటలు), అమహత్తులు (మిగిలినవి) అని విడదీశాడు. ఏకవచనంలో స్త్రీవాచకాలు మహత్తుల వైపు కాక పశుపక్ష్యాదులు, జడపదార్థాలు ఉన్న వైపు చేరతాయి. అందుకే "అబ్బాయి వచ్చాడు" అంటాం కానీ "అమ్మాయి వచ్చింది", "వాన వచ్చింది", "బండి వచ్చింది" అన్నప్పుడు క్రియ ఒక్కటే. మగపిల్లవాడికి కిరణ్ అనో ఉదయ్ అనో పేరు పెడితే 'వచ్చాడు' అన్న క్రియే అతను మనిషని చెప్పేస్తుంది. ఆడపిల్లకు ఆ సాయం అందదు. "వేకువ వచ్చింది", "అల లేచింది", "చినుకు పడింది" అన్నప్పుడు వింటున్నవాడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవలసిందే. ఇంగ్లీషులో రోజ్ అన్నది పువ్వా అమ్మాయా అన్న సందేహం కనీసం రాతలో రాదు, మనిషి పేరైతే మొదట పెద్ద అక్షరం వస్తుంది. మన లిపిలో పెద్ద అక్షరమూ చిన్న అక్షరమూ అన్న భేదమే లేదు.

అయితే బహువచనంలో స్త్రీలు మహత్తులతో కలుస్తారు, గౌరవానికి మనం వాడేది బహువచనమే. "చినుకు గారు వచ్చారు" అనగానే వాన పక్కకు తప్పుకుంటుంది. కాబట్టి ఈ పేర్లతో తిప్పలన్నీ మనిషిని 'నువ్వు' అనే వయసులోనే ఎక్కువ, 'మీరు' అనిపించుకునే వయసు వచ్చేసరికి భాషే దారి ఇస్తుంది. చినుకు గారి అనుభవం కూడా అలాగే నడిచిందని చదువుతుంటే అనిపించింది.

పరీక్షలు అడిగారు కాబట్టి నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను. మొదటిది పిలుపు. పేరు రాతలో కంటే గొంతులో ఎక్కువ బతుకుతుంది. మనం పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాం: చినుకూ, వేకువా, పాటా. ఇప్పుడు అలను పిలిచి చూడండి. "అలా!" అవుతుంది. "అలా, ఇలా రా" అని మీరు వాకిట్లో నిలబడి పిలిస్తే వినేవాళ్ళకు మీరు ఎవరినో పిలుస్తున్నట్టే తోచదు. సముద్రమంత అందమైన మాట ఈ ఒక్క దీర్ఘంతో జారిపోవడం నాకూ బాధగానే ఉంది.

రెండోది విభక్తి. కొన్ని తెలుగు మాటలు కి, లో వంటివి చేరేటప్పుడు రూపం మార్చుకుంటాయి, వీటినే ఔపవిభక్తికాలు అంటాం. ఏరు ఏటికి అవుతుంది, మిన్ను మింటికి అవుతుంది, ముంగిలి ముంగిటికి అవుతుంది. అలాంటి మాటను పేరుగా పెడితే "పుస్తకం మిన్నుకి ఇవ్వు" అనాలా "మింటికి ఇవ్వు" అనాలా? చెవి మొదటిదే ఒప్పుకుంటుంది. పేరు అయిన మాట ఒక్క రూపంలో గట్టిపడిపోతుంది. ఫిన్నిష్ భాషలోనూ సరిగ్గా ఇలాంటిదే ఉంది. వాళ్ళకు మెరి అంటే సముద్రం, అది ఆడపిల్లల పేరు కూడా. సముద్రానికి షష్ఠి రూపం మెరెన్, అమ్మాయికైతే మెరిన్. వ్యాకరణం తనంతట తానే మాటకూ పేరుకూ మధ్య గీత గీసుకుంది. తెలుగు కూడా అవసరమైతే ఆ గీత గీసుకోగలదు. మీ నాలుగు మాటల్లో ఇలా రూపం మారేది ఒక్కటీ లేదు కనుక మీకు ఆ దిగులు అక్కర్లేదు.

మూడోది రోమన్ అక్షరాలు. పిల్ల పేరును జీవితంలో ఎన్నోచోట్ల ఇంగ్లీషు లిపిలో రాయవలసి వస్తుంది. అక్కడ హ్రస్వదీర్ఘాల భేదం నిలవదు, ట, త అక్షరాల భేదమూ నిలవదు. 'పాట' అని మీరు రాసింది తెలుగు తెలిసినవాడే 'పాత' అనో 'పట' అనో చదువుతాడు. అమ్మాయిని నిండు సభలో 'పాత' అని పిలిస్తే ఆ పిల్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. కల, కళ కూడా ఇదే విధంగా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చినుకుకూ వేకువకూ ఈ ముప్పు లేదు. వాటిని తప్పుగా పలికినా మరో మాటగా మారవు.

జవాబు 4: ఇద్దరాడపిల్లల తండ్రి

పై ముగ్గురూ మాట పేరుగా అతుకుతుందా లేదా అన్నది చూశారు. ఏ మాట అన్నది కూడా చూడాలని నా మనవి, ఎందుకంటే మాటను పేరుగా పెట్టడమంటే ఆ మాట మోసుకొచ్చే ఆశను కూడా పిల్ల నెత్తిన పెట్టడమే.

16, 17 శతాబ్దాలలో ఇంగ్లండులోని ప్యూరిటన్లు అనే కఠిన నియమాల క్రైస్తవులు గుణాల పేర్లనే పిల్లలకు పెట్టేవారు. ఆడపిల్లలకు పెట్టినవాటిలో పేషెన్స్ అంటే ఓర్పు, ప్రూడెన్స్ అంటే ముందుచూపుతో కూడిన వివేకం, సైలెన్స్ అంటే మౌనం. ఆ చివరి పేరు మోసిన ఆడపిల్లను రోజుకు ఎన్నిసార్లు పేరుపెట్టి పిలిచి ఉంటారో, అన్నిసార్లూ నోరు మూసుకోమని చెప్పినట్టే కదా అని నాకు అనిపిస్తుంది. స్పానిష్‌లో డొలోరెస్ అంటే దుఃఖాలు. మేరీమాత బిరుదు నుంచి భక్తితో తీసుకున్న పేరు అయినా మాట మాటే. రష్యన్‌లో వేర, నదేజ్ద, ల్యుబోవ్ అన్నవి విశ్వాసం, ఆశ, ప్రేమ. ఇవి ఎంతో ఉదారమైన మాటలు, వీటిలో ఎవరినీ ఒంచే గుణం లేదు.

మన పేర్లను అలాగే ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. మగపిల్లలకు విజయ్, ప్రతాప్, ప్రకాశ్, ఉదయ్. ఆడపిల్లలకు లత, పుష్ప, కుసుమ, దీప. ఒకవైపు గెలిచేవి, వెలిగేవి, రెండోవైపు అల్లుకునేవి, వాడిపోయేవి, గాలికి ఆరిపోయేవి. విజయ, ప్రతిభ, ధరణి వంటివి లేవని కాదు, ఉన్నాయి, వాటిని చూస్తే ప్రాణం లేచివస్తుంది. కానీ మొత్తం మీద మొగ్గు ఎటు ఉందో కనిపిస్తూనే ఉంది. నా పెద్దకూతురికి పేరు వెతికినప్పుడు మా ఇంట్లో వచ్చిన సూచనల్లో అణకువ అన్నది కూడా ఒకటి. ఎంతో ప్రేమగా సూచించిన పెద్దావిడ మనసు నొప్పించకుండా కాదనడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మీ నాలుగింటిలో అలాంటిది ఒక్కటీ లేదని సంతోషించాను. చినుకు చిన్నదే కానీ అది పడితేనే ఏదైనా మొలుస్తుంది. వేకువ ఎవరి అనుమతీ అడగకుండా వస్తుంది. ఐస్‌లాండులో 1991 నుంచి ఒక పేర్ల సంఘం ఉంది. కొత్త పేరు ఆ భాష విభక్తులకు ఒదగాలని, పేరు పెట్టుకున్నవారికి ఇబ్బంది కలిగించకూడదని వాళ్ళు చూస్తారు. మనకు అలాంటి సంఘం లేదు కాబట్టి ఆ రెండో పని తల్లిదండ్రులమే చేయాలి. మీరు ఇంతమందిని అడగడమే ఆ పని చేయడమని నేననుకుంటున్నాను.

పెద్దపాప తల్లి మళ్ళీ రాసినది

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని మా వారితో కలిసి రెండు రోజులు కూర్చున్నాను.

అలను వదులుకున్నాం. పంతులుగారు చెప్పిన తరువాత ఒక్కసారి వాకిట్లోంచి పిలిచి చూశాను, మా పెద్దపాప బయటికి వచ్చి "ఎలా అమ్మా?" అని అడిగింది. పాటను కూడా వదులుకున్నాం. మా వారు ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఏమీ చెప్పకుండా నలుగురికి చూపిస్తే ముగ్గురు 'పాత' అని చదివారు.

చినుకు, వేకువ మిగిలాయి. చినుకు గారూ, మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను, చివరిసారి చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి. పిల్లకు పేరుతో పాటు ఒక వాక్యం ఇవ్వాలని మీరన్నది మా నిర్ణయానికి ఆధారమైంది. చినుకు అని పెడితే మా దగ్గర ఆ వాక్యం లేదు, ఆ మాట మాకు ఇష్టం, అంతే. వేకువకు ఉంది. నొప్పులు రాత్రంతా సాగి, కిటికీ అంచు తెల్లబడుతున్నప్పుడు పాప ఏడుపు వినిపించింది. అప్పుడు నర్సు దీపం ఆర్పేసి "ఇక దీనితో పనిలేదు" అంది. పాపకు చెప్పడానికి ఆ మాట చాలు.

నిన్న మా మామగారికి ఈ సంగతి చెప్పాను. తలుపు తెరిచే సున్న దీనికి లేదని, ఆడపిల్ల పేరుకూ వస్తువు పేరుకూ మన భాషలో క్రియ ఒక్కటేనని, కొన్నాళ్ళు తడబాటు తప్పదని అన్నీ వివరించాను. ఆయన విని ఏమీ అనలేదు. ఇవాళ పొద్దున నేను వంటింట్లో ఉండగా ఆయన పక్కగదిలోంచి "అమ్మా, వేకువ లేచిందా?" అని అడిగారు.